సర్ విలియం రాబర్టు గ్రోవు

తాత నాటిన మామిడి మొక్క కాపునకు వచ్చునప్పటికి తాత యుండడు. మనుమలు పండ్లు తినుచు, ఆ చెట్టు నీడను కూర్చుండి ఆయనను తలచుకొందురు. ఫలము తనకు దక్కదని యెఱిగియు ముదుసలి మొక్కకు నీరు పోయుట మానడు. విజ్ఞానశాస్త్ర చరిత్రయందును ఇట్టి తాతలు పెక్కుమంది కలరు. వారిలో నొకరి జీవితమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము. ఆయన పేరు సర్ విలియం రాబర్టు గ్రోవు. వృత్తిచేత న్యాయవాది, తరువాత న్యాయమూర్తి, తీఱిక వేళలందు శాస్త్రజ్ఞుడు. ఉదజని, ఆమ్లజని యను రెండు వాయువులను మంట లేకుండ కలిపి, ఆ కలయికనుండి విద్యుత్తును పుట్టించు పరికరమును మొట్టమొదట నిర్మించినవాడు ఆయనయే. ఆ పరికరము ఆయన జీవితకాలమున శాస్త్రశాలలోని వింతవస్తువుగానే మిగిలిపోయినది. నేడు దానిని ఇంధన ఘటమని పిలుచుచున్నారు. చంద్రమండలమునకు పోయిన నౌకకు వెలుతురును, అందలి యాత్రికులకు త్రాగునీటిని ఇచ్చినది అదియే.

వేల్సు దేశపు దక్షిణ తీరమున స్వాన్సీ యను రేవుపట్టణము కలదు. ఆ కాలమున రాగి ఖనిజమును కరగించు కొలుములకు ఆ పట్టణము లోకప్రసిద్ధమై యుండెను. అచ్చట 1811వ సంవత్సరము జూలై నెల 11వ తేదీన గ్రోవు జన్మించెను. తండ్రియగు జాన్ గ్రోవు ఆ మండలమున మేజిస్ట్రేటుగా నుండిన గౌరవనీయుడు. బాలుడు మొదట ఉపాధ్యాయులవద్ద ప్రత్యేకముగా విద్య నేర్చి, పిమ్మట ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమందలి బ్రేజ్‌నోస్ కళాశాలలో చేరి 1832లో పట్టభద్రుడయ్యెను. అప్పటి ఆక్సుఫర్డులో గ్రీకు, లాటిను భాషలకు గల ప్రాధాన్యము ప్రకృతిశాస్త్రములకు లేదు. కావున గ్రోవు శాస్త్రజ్ఞుడగునని యెవ్వరును తలంపలేదు. ఆయన న్యాయశాస్త్రమును పఠించి, 1835లో లండను నగరమున బారిష్టరయ్యెను. 1837లో ఎమ్మా మేరియా పౌల్స్ అను నామెను వివాహమాడెను.

వకీలు పని ప్రారంభించిన కొలది కాలమునకే ఆయన ఆరోగ్యము చెడెను. న్యాయస్థానమునకు ప్రతిదినము పోయి వాదించు శక్తి లేకపోయెను. అట్టి సమయమున మఱియొకడైనచో నిరుత్సాహముతో కాలము గడిపియుండును. గ్రోవు మాత్రము ఇంటియందు గాజు గొట్టములను, లోహపు రేకులను, ఆమ్లములను సమకూర్చుకొని విద్యుచ్ఛాస్త్రమును అభ్యసింప మొదలిడెను. స్వాన్సీ పట్టణమున 1835లో స్థాపింపబడిన విద్వత్సభకును ఆయన తోడ్పడెను. ఇట్లు అనారోగ్యము ఆయనకు చేసిన మేలు, ఆరోగ్యము చేయలేకపోయెను.

ఆ దినములలో విద్యుత్తు కావలెనన్న ఘటములే గతి. ఇటలీ దేశీయుడగు వోల్టా 1800లో మొదటి విద్యుద్ఘటమాలను నిర్మించెను. అయినను అట్టి ఘటముల బలము కొలది సేపటికే తగ్గిపోవుచుండెను. ఈ లోపమును సవరింప పలువురు పాటుపడుచుండిరి. గ్రోవు తుత్తునాగమును పలుచని గంధకామ్లమునందును, ప్లాటినమును గాఢమైన నత్రికామ్లమునందును ఉంచి, ఆ రెండు ఆమ్లములకు నడుమ సన్నని రంధ్రములు గల మట్టిపాత్రను అడ్డముగా నిలిపెను. ఈ ఘటమునుండి సుమారు 1.9 వోల్టుల బలము గల విద్యుత్తు లభించెను. దీనిని 1839లో ఆయన పారిసు నగరమందలి శాస్త్రపరిషత్తునకు తెలియజేసెను. పిమ్మట అమెరికా దేశమున తంతివార్తలు పంపుటకు ఈ ఘటములనే చాలకాలము వాడిరి. అయితే దీనికి రెండు లోపములుండెను. నత్రికామ్లమునుండి వెలువడు గోధుమరంగు పొగ విషపూరితము. ప్లాటినము మిక్కిలి వెలగలది. 1841లో జర్మనీ దేశీయుడగు బున్‌సెన్ ప్లాటినమును తీసివేసి, దాని స్థానమున బొగ్గుకడ్డీని ఉంచి పని సాగించెను. వెలగల ప్లాటినమునకు మాఱుగా చౌకయైన కర్బనము! ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. 150 సంవత్సరములు గడచిన పిమ్మట ఈ ప్రశ్నయే మరల తలయెత్తినది.

గ్రోవు చేసిన అసలు ఘనకార్యము ఇంతకంటె గొప్పది. విద్యుత్తును నీటిగుండ పంపినచో నీరు ఉదజనిగను ఆమ్లజనిగను విడిపోవునని 1800 నాటికే తెలిసియుండెను. విద్యుత్తు నీటిని విడదీయగలిగినపుడు, విడిపోయిన ఆ రెండు వాయువులు మరల కలిసి నీరగునపుడు ఆ విద్యుత్తును తిరిగి యీయగూడదా? ఈ ప్రశ్నకు సమాధానముగా గ్రోవు రెండు గాజు గొట్టములను తీసికొని, ఒకదానియందు ఉదజనిని, రెండవదానియందు ఆమ్లజనిని నింపెను. ఒక్కొక్క గొట్టమున నొక్కొక్క ప్లాటినపు రేకును నిలిపెను. రేకులో సగము వాయువునందును సగము పలుచని గంధకామ్లమునందును ఉండునట్లు అమర్చెను. రెండు రేకులను తీగలతో విద్యున్మాపకమునకు కలుపగనే దాని ముల్లు ప్రక్కకు తిరిగి, మరల వెనుకకు రాక అట్లే నిలిచెను. గొట్టములందలి ద్రవము మెల్లమెల్లగా పైకి ప్రాకెను. వాయువులు తరిగిపోవుచున్నవనియు, ఆ తరుగుదలకు ప్రతిఫలముగా విద్యుత్తు పుట్టుచున్నదనియు స్పష్టమయ్యెను. 1839 జనవరి నెలలో, అంతకుముందే ముగించిన యొక వ్యాసమునకు చివర అనుబంధముగా గ్రోవు ఈ విషయమును చేర్చెను. వ్యాసము ఫిబ్రవరి నెలలో ప్రకటింపబడెను.

ఆ కాలముననే స్విట్జర్లాండు దేశమందలి బాసెల్ నగరమున షోన్‌బైన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఇట్టి ప్రయోగములనే చేయుచుండెను. ఆయన గ్రోవునకు మిత్రుడయ్యెను. వారి స్నేహము జీవితాంతము నిలిచెను. అయినను ఒక విషయమున ఇరువురికి అభిప్రాయభేదము కలిగెను. ఈ పరికరమున విద్యుత్తునకు కారణము ఉదజనియేగాని ఆమ్లజని సూటిగా పాల్గొనదని షోన్‌బైన్ తలచెను. రెండు వాయువుల సంయోగమే విద్యుత్తునకు మూలమని గ్రోవు వాదించెను. సిద్ధాంతమును గుఱించి పోరాడుచునే స్నేహమును చెడనీయని యీ ఇరువురి నడత మనకు అనుసరింపదగినది. ఆమ్లజనియందే ఈ పరికరముయొక్క చిక్కంతయు ఇమిడియున్నదని తరువాతి తరములవారు గ్రహించిరి.

1842లో గ్రోవు తన పరికరమును పెంచి 50 జతల ఘటములను వరుసగా కలిపెను. అంతట అద్భుతములే జరిగెను. అయిదుగురు మనుష్యులు చేతులు పట్టుకొని నిలిచినచో అందఱికిని విద్యుత్తు తాకుడు తెలిసెను. రెండు బొగ్గుముక్కల నడుమ పట్టపగలు కనబడునంతటి మెఱుపు పుట్టెను. అన్నిటికంటె వింతయైనది మఱియొకటి కలదు. ఆ విద్యుత్తును నీటిగుండ పంపగా నీరు మరల ఉదజనిగను ఆమ్లజనిగను విడిపోయెను. ఒకచోట రెండు వాయువులు కలిసి నీరగుచుండ, ఆ కలయికచే పుట్టిన బలము మఱియొకచోట నీటిని అవే వాయువులుగా చీల్చుచుండెను! ఈ దృశ్యము గ్రోవునకు పరమానందము కలిగించెను. ఘటములందలి ఉదజని రెండు పాళ్లు తరుగుచుండ ఆమ్లజని యొక్క పాలు తరుగుచుండుటయు ఆయన కొలిచి చూచెను. నీటియందలి ఆ వాయువుల పాళ్లును అవియే గదా.

అయినను గ్రోవు తన పరికరముయొక్క బలహీనతను దాచలేదు. నీటిని విడదీయుటకు కనీసము 26 జతల ఘటములు కావలసివచ్చినవని స్పష్టముగా ప్రకటించెను. నేటి మంచి ఘటములు మూడు కలిపినను ఆ పని జరుగును. మఱి గ్రోవు ఘటములంత బలహీనముగా నుండుటకు హేతువేమి? ఆ హేతువును కనుగొన్నవాడును గ్రోవే. రేకు మొత్తము పనిచేయుట లేదని ఆయన గ్రహించెను. వాయువు, ద్రవము, లోహము అను మూడును ఎచ్చట ఒకదానినొకటి తాకుచున్నవో, ఆ సన్నని అంచునందు మాత్రమే క్రియ జరుగుచున్నది.

దీనిని మన యింటి ప్రమిదతో పోల్చి తెలిసికొనవచ్చును. ప్రమిద నిండ నూనె యున్నను నూనె మండదు. గదినిండ గాలి యున్నను గాలి మండదు. నూనె, గాలి, వత్తి అను మూడును కలియు వత్తికొనయందే వెలుగు పుట్టును. పెద్ద వెలుగు కావలెనన్నచో నూనె పెంచి ప్రయోజనము లేదు, వత్తులను పెంచవలెను. గ్రోవు అట్లే చేయబూనెను. నున్నని ప్లాటినపు రేకుమీద విద్యుత్తు సహాయమున ప్లాటినపు పొడిని పేర్చి గరుకు చేసెను. గరుకైన కొలది మూడును కలియు చోట్లు పెరిగెను. క్రియ జరుగు స్థలమును పెంచుటయే ఇందలి రహస్యమని ఆయన 1842లోనే చెప్పెను. ఇప్పటికిని ఈ రంగమున పనిచేయు శాస్త్రజ్ఞులందఱు ఆ బాటనే నడచుచున్నారు.

1840లో ఆయన రాయల్ సొసైటీకి సభ్యుడయ్యెను. 1841లో లండను ఇన్‌స్టిట్యూషను అను విద్యాసంస్థయందు ప్రయోగశాస్త్రాచార్యుడుగా నియమింపబడెను. అచ్చట 1843లో తన యుపన్యాసములందు ఆయన చూపిన యొక ప్రయోగము మిక్కిలి రమణీయము. వెలుతురు తగిలినచో మార్పు చెందు ఛాయాచిత్రపు ఫలకమును నీరు నింపిన పెట్టెలో నుంచి, దానిని తీగలచే విద్యున్మాపకమునకును, ఉష్ణమును తెలుపు లోహపు చుట్టకును కలిపెను. పెట్టెకు మూత యుండెను. మూత తీసి వెలుతురు సోకనీయగనే ఫలకమున రసాయన క్రియయు, తీగలలో విద్యుత్తును, తీగచుట్టలో అయస్కాంతత్వమును, లోహపు చుట్టలో ఉష్ణమును, ముండ్లలో చలనమును ఒక్కసారిగా పుట్టెను. ఉష్ణము, వెలుతురు, విద్యుత్తు, అయస్కాంతత్వము, రసాయనాకర్షణము, చలనము అనునవి వేఱువేఱు కావనియు, ఒకటి మఱియొకటిగా మాఱగలదనియు ఆయన బోధించెను. ఈ యుపన్యాసములు 1846లో భౌతికశక్తుల పరస్పర సంబంధమను గ్రంథముగా వెలువడినవి. శక్తి నశింపదను సూత్రమును స్థాపించిన మేయరు, జూలు, హెల్మ్‌హోల్ట్‌జుల సరసన గ్రోవునకును గౌరవస్థానము లభించుట ఈ గ్రంథమువలననే. 1847లో ఆయనకు రాయల్ సొసైటీవారు రాయల్ పతకమును బహూకరించిరి.

ఆ గ్రంథముననే గ్రోవు తన ఆశ యొకటి వెల్లడించెను. తుత్తునాగమును, ఆమ్లములును కర్మాగారములలో తయారైనవి. వానికి వెల యెక్కువ. వానికి బదులు బొగ్గు, కట్టె, క్రొవ్వు మొదలగు చౌకవస్తువులు గాలితో కలియునపుడు వెలువడు బలమునంతయు విద్యుత్తుగా రాబట్టగలిగినచో, ఆవిరియంత్రమునకు మించిన సాధనము మానవునికి లభించునని ఆయన వ్రాసెను. ఆవిరియంత్రము లోకమును ఏలుచున్న దినములవి. బొగ్గులోని బలములో అతిస్వల్పభాగమే ఆ యంత్రమున పనికివచ్చుచుండెను; తక్కినదంతయు వేడిగను పొగగను ఎగిరిపోవుచుండెను. ఆ వృథాను చూచి బాధపడిన గ్రోవు దూరమందలి గమ్యమును స్పష్టముగా కనుగొనెను. అచ్చటికి చేరుటకు తగిన దారి మాత్రము ఆయనకు దొరకలేదు.

దొరకునంతవఱకు వెదకుటకు ఆయనకు తీఱికయు లేకపోయెను. కుటుంబము పెరిగెను. ఆచార్యపదవివలన వచ్చు జీతము చాలకపోయెను. 1846లో ఆయన ఆ పదవిని వదలి మరల న్యాయవాది వృత్తియందు పూర్తిగా ప్రవేశించెను. శాస్త్రమున గాఢమైన అనురక్తి గలవానికి ఇది సులభమైన నిర్ణయము కాదు. అయినను ఆయన తన విధిని నిందింపలేదు. 1853లో రాణిగారి న్యాయవాదియను బిరుదమును పొందెను. 1856లో విషప్రయోగమను నేరము మోపబడిన విలియం పామరు అను వైద్యుని పక్షమున వాదించిన న్యాయవాదులలో గ్రోవు ఒకడు. ఇంగ్లండంతయు కన్ను లార్పక చూచిన అభియోగమది. శవపరీక్షలును, విషముల రసాయన లక్షణములును అందు చర్చకు వచ్చెను. రసాయనము నెఱిగిన న్యాయవాది యుండియు కక్షిదారు శిక్ష తప్పించుకొనలేదు. పామరునకు మరణశిక్ష విధింపబడెను. నూతన కల్పనల హక్కులకు సంబంధించిన వ్యాజ్యెములలో మాత్రము గ్రోవుయొక్క శాస్త్రపాండిత్యము మిక్కిలి ఉపకరించెను.

శాస్త్రజ్ఞులకు ఆయన చేసిన మఱియొక సేవ కలదు. అప్పటి రాయల్ సొసైటీలో శాస్త్రము తెలియని ధనవంతులు పలువురు సభ్యులుగా చేరియుండిరి. ఇది తగదని గ్రోవు మొదలగువారు పోరాడిరి. తత్ఫలితముగా 1847లో క్రొత్త నిబంధనలు వెలసి, సంవత్సరమునకు 15 మందిని మాత్రమే యోగ్యతనుబట్టి ఎన్నుకొను ఆచారము ఏర్పడెను. 1866లో నాటింగ్‌హాము నగరమున జరిగిన బ్రిటిషు విజ్ఞానసభకు ఆయన అధ్యక్షత వహించి, ప్రకృతియందలి మార్పులు గంతులు వేయక మెట్టుమెట్టుగా సాగునని యుపన్యసించెను. 1871లో న్యాయమూర్తియయ్యెను. 1872లో సర్ అను బిరుదమును పొందెను. 1887లో పదవినుండి విరమించెను. 1896 ఆగస్టు 1వ తేదీన లండను నగరమున తన 85వ యేట పరమపదించెను. ఆయన మరణించునాటికి లోకము ఆయనను గొప్ప న్యాయమూర్తిగను, శక్తుల సంబంధమును బోధించిన గ్రంథకర్తగను ఎఱుగును. గాజు గొట్టములలోని ఆ వాయుఘటమాలను మాత్రము తలచువారు స్వల్పము.

ఆయన జీవించియుండగనే, 1889లో లుడ్విగు మాండు, కార్ల్ లాంగరు అను ఇరువురు ఆ ఘటమును బాగుచేయ యత్నించిరి. విద్యుత్తు లభించెనుగాని ప్లాటినపు ఖర్చును భరింపలేకపోయిరి. అంతలో డైనమో యంత్రము వ్యాపించి, బొగ్గు మండించి విద్యుత్తు పుట్టించుట సులభమయ్యెను. గ్రోవు ఘటము మూలబడెను. 1932లో ఇంగ్లండున ఫ్రాన్సిస్ థామస్ బేకను అను ఇంజనీరు దానిని మరల చేపట్టి, 27 సంవత్సరములు శ్రమించి, 1959లో సుమారు 5 కిలోవాట్ల బలము గల ఘటమాలను ప్రదర్శించెను. ప్లాటినమునకు బదులు ఆయన నికెలును, ఆమ్లమునకు బదులు క్షారమును వాడెను. ఆ మార్గమున తయారైన ఘటములే అపోలో నౌకలకు విద్యుత్తు నిచ్చినవి. 1969లో చంద్రునిపై కాలిడిన యాత్రికులు త్రోవలో త్రాగిన నీరు ఆ ఘటములందు ఉదజని, ఆమ్లజని కలియగా పుట్టినదే. 1970లో అపోలో 13వ నౌకయందు ఆమ్లజని పాత్ర పగిలినపుడు ఆ ఘటములు ఆగిపోయి, మువ్వురు యాత్రికుల ప్రాణములు సంకటమున పడెను. అందులో ఆమ్లజనికి గల ప్రాముఖ్యము ఆనాడు లోకమంతటికిని తెలిసెను.

ఇపుడు ఆ ఆమ్లజని చిక్కును వివరింతును. ఘటముయొక్క యొక ధ్రువమునొద్ద ఉదజని తన ఎలక్ట్రానులను సులభముగా విడుచును. అవి తీగవెంట పోయి మనకు పని చేసిపెట్టి, రెండవ ధ్రువమును చేరును. అచ్చట ఆమ్లజని వానిని స్వీకరింపవలెను. ఆమ్లజని అణువునందు రెండు పరమాణువులు జంట బంధముచే గట్టిగా బిగింపబడియున్నవి. ఆ బంధము విఱిగి, నాలుగు ఎలక్ట్రానులు చేరినగాని నీరు ఏర్పడదు. రెండు ఎలక్ట్రానులతోనే ఆగిపోయినచో నీటికి బదులు హైడ్రోజను పెరాక్సైడు పుట్టి, ఘటమునే తినివేయును. ఈ క్రియ మందకొడిగా సాగుటవలన, లెక్కప్రకారము 1.23 వోల్టులు ఈయవలసిన ఘటము పనిలో సుమారు 0.7 వోల్టులే ఇచ్చును. పోయినదానిలో అధికభాగము ఆమ్లజనియొద్దనే పోవుచున్నది. ఈ క్రియను త్వరపెట్టుటకు ఉత్ప్రేరకము కావలెను. అనగా తాను ఖర్చుగాకయే క్రియను నడిపించు వస్తువు. ఆమ్లజనిని మఱీ గట్టిగా పట్టినచో అది విడిపోదు. మఱీ వదులుగా పట్టినచో బంధము విఱుగదు. ఈ రెండింటికి నడుమనుండు గుణము ప్లాటినమునకు కలదు. కాని ప్లాటినము అరుదు. దాని గనులలో అధికభాగము దక్షిణాఫ్రికా దేశముననే యున్నవి. ప్రతి బండికిని, ప్రతి యింటికిని ఘటములు కావలెనన్నచో చౌకయైన ఉత్ప్రేరకము తప్పదు.

ఇచ్చట బున్‌సెన్ వాడిన కర్బనము క్రొత్తవేషముతో ప్రవేశించుచున్నది. 1991లో జపాను దేశీయుడగు సుమియో ఇజిమా కర్బనముతో నేర్పడిన అతిసూక్ష్మమైన గొట్టములను గుఱించి ప్రకటించెను. తేనెపట్టులోని గదులవలె ఆరు మూలల గళ్లుగా అల్లుకొన్న కర్బన పరమాణువుల పొరను చాపవలె చుట్టినచో ఎట్లుండునో ఆ గొట్టములట్లుండును. వాని వ్యాసమును నానోమీటర్లతో కొలుతురు. ఒక మీటరును నూఱు కోట్ల భాగములు చేయగా వచ్చు భాగము నానోమీటరు; మన తల వెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. ఈ నానో గొట్టములు విద్యుత్తును చక్కగా ప్రవహింపజేయును. చిటికెడు పొడియందే విశాలమైన ఉపరితలము ఇమిడియుండును. గ్రోవు కోరిన వత్తులు ఇవియే గదా!

అయితే శుద్ధకర్బనమునకు ఆమ్లజనిపై ఆసక్తి తక్కువ. 2009లో అమెరికాయందలి డేటన్ విశ్వవిద్యాలయమున లిమింగ్ డై అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఒక ఉపాయము చూపిరి. గొట్టములందలి కొన్ని కర్బన పరమాణువుల స్థానమున నత్రజని పరమాణువులను చొప్పించి, ఆ గొట్టములను వరిచేనువలె నిలువుగా పెంచిరి. నత్రజని తన ప్రక్కనున్న కర్బనమునుండి ఎలక్ట్రానులను కొంచెము తనవైపునకు లాగుకొనును. అందుచే ఆ కర్బనమునకు స్వల్పమైన ధనగుణము కలిగి, ఆమ్లజని వచ్చి దానిపై వాలును. క్షారద్రవమునందు ఈ గొట్టములు ప్లాటినముకంటె మెఱుగుగా పనిచేసి, నాలుగు ఎలక్ట్రానుల మార్గముననే క్రియను నడిపినవి.  ప్లాటినమును చెఱచు కార్బన్ మోనాక్సైడను విషవాయువు వీనిని అంతగా బాధింపదు.

ఇంతటితో పని ముగిసినదని చెప్పరాదు. గొట్టములను పెంచుటకు వాడిన ఇనుము లేశమాత్రము మిగిలి, ఆ శక్తి దానివలన కలుగుచున్నదేమో యని కొందఱు శంకించిరి. ఆ శంకనుండియే మఱియొక మార్గము బలపడెను. ఇనుమును కావలెననియే నత్రజనితో జతచేసి కర్బనమున నాటుచున్నారు. నేడు పెక్కు ఘటములు ఆమ్లగుణము గల పొరతో చేయబడుచున్నవి. అట్టి ఘటములందు ఈ క్రొత్త ఉత్ప్రేరకములు ప్లాటినమువలె దీర్ఘకాలము నిలువలేకున్నవి. మొదట చురుకుగా పనిచేసి, పిమ్మట క్షీణించుచున్నవి. ఆ క్షీణతకు కారణమును వెదకుటయే నేటి పరిశోధకుల ముఖ్యమైన పని. ఇంతలో ఘటములు మాత్రము ముందునకు సాగుచునే యున్నవి. 2024 జనవరి 1వ తేదీన మన శ్రీహరికోటనుండి ఎగిరిన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు చివరి అంతస్తునందు భారత శాస్త్రజ్ఞులు ఇంధన ఘటమును పరీక్షించి, ఆకాశమున 180 వాట్ల విద్యుత్తును పొందిరి. స్వాన్సీయందు పుట్టిన బాలుని ఆలోచన ఆంధ్రదేశపు సముద్రతీరమునుండి అంతరిక్షమునకు ఎగసినది.

విద్యార్థులారా! గ్రోవు జీవితమునుండి మనము నేర్వదగినవి రెండు కలవు. కుటుంబపోషణకై వృత్తిని చేపట్టుటచే విద్య చెడునని ఆయన తలంపలేదు. పగలు వ్యాజ్యెములు చూచుకొనియు, దొరకిన తీఱికను వృథాచేయలేదు. ఇది మొదటిది. తాను చేసినదానియందలి లోపమును దాచక, ఇరువది యారు జతలు కావలసివచ్చినవని ఉన్నది ఉన్నట్లు వ్రాసెను. ఇది రెండవది. ఆ యొక్క సత్యవాక్యమే తరువాతివారికి దారి చూపినది. లోపమెచ్చటనున్నదో తెలిసినపుడే కదా దానిని దిద్దగలము. ఆయన నాటిన చెట్టు ఇప్పుడిప్పుడే పూతకు వచ్చుచున్నది. ప్లాటినము లేని చౌకయైన ఘటము ఇంకను కాయవలసిన కాయ. ఇప్పుడు మీ తరగతిలో కూర్చుండి రసాయనశాస్త్రమును చదువుచున్న బాలబాలికలలో నెవరైనను ఆ చెట్టునకు నీరు పోయువారు కావచ్చును.